ఎనభై మూడు ఉక్కుపెట్టెలు: ఐర్లండ్ విప్లవ చరిత్రలో కొత్త ఆధారాలు, కొత్త వాదనలు

 

ఈ సంచికలో బడి జ్ఞాపకాలు రాసేవాళ్ళు చాలామంది ఉంటారు. నాకంటే బాగా రాయగలవాళ్ళూ ఉన్నారు. అందుకని నేను ఈ బడిలో అంటుకున్న ఒక ఆసక్తి గురించి రాస్తున్నాను. వృత్తిరీత్యా ఇంజనీరునైనా చరిత్ర పుస్తకాలు చదివే అలవాటు నన్ను వదల్లేదు. కొన్నేళ్ళ క్రితం ఐర్లండ్‌లో, కార్క్ నగరం దగ్గర ఒక మందుల కర్మాగారం నిర్మాణ పనిమీద రెండేళ్ళు ఉండవలసి వచ్చింది. సెలవు రోజుల్లో ఆ చుట్టుపక్కల తిరుగుతుంటే ప్రతి కూడలిలో ఒక శిలాఫలకం, ప్రతి ఊళ్ళో ఒక పోరాట కథ కనిపించేవి. అలా ఆ దేశ స్వాతంత్ర్య చరిత్ర చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ కథ ఒక ఎత్తు, ఆ కథను వాళ్ళు కొత్త కాగితాలు బయటపడ్డప్పుడల్లా తిరిగి సరిచూసుకుంటున్న తీరు ఒక ఎత్తు అనిపించింది. ఈ వ్యాసం ఆ రెండోదాని గురించి.

మన సోషల్ మాస్టారు పాఠంలో ఏ సంగతి వచ్చినా మూడు ప్రశ్నలు అడగమనేవారు. ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు? ఎందుకు చెప్పారు? పరీక్షలో వాటికి మార్కులు ఉండేవి కావు గనుక అప్పట్లో మేమంతగా పట్టించుకోలేదు. ఐర్లండ్ చరిత్రకారులు పాతికేళ్ళుగా పట్టుబట్టి అడుగుతున్నవి సరిగ్గా ఆ మూడు ప్రశ్నలే.

కథ క్లుప్తంగా

1916 ఏప్రిల్ 24, ఈస్టర్ పండుగ మరునాడు, డబ్లిన్‌లోని జనరల్ పోస్టాఫీసు ముందు పాట్రిక్ పియర్స్ ఐర్లండ్ రిపబ్లిక్ ప్రకటన చదివాడు. తిరుగుబాటు ఆ వారంలోనే అణగిపోయింది. బ్రిటిష్ ప్రభుత్వం పదిహేను మందిని కాల్చి చంపి, ఒకరిని లండన్‌లో ఉరితీసింది. అంతవరకు తిరుగుబాటుదారులను పెద్దగా పట్టించుకోని జనం మనసు ఆ మరణశిక్షలతో మారింది. 1918 డిసెంబరు ఎన్నికల్లో ఐర్లండ్‌లోని 105 స్థానాల్లో 73 షిన్ ఫేన్ పార్టీ గెలుచుకుంది. గెలిచినవాళ్ళు లండన్ పార్లమెంటుకు పోకుండా 1919 జనవరి 21న డబ్లిన్‌లోనే తమ సొంత సభ డాయిల్‌ను సమావేశపరిచారు. అదే రోజు టిప్పరరీ జిల్లాలో మెరుపుదాడిలో ఇద్దరు పోలీసులు చనిపోయారు. అక్కడినుంచి రెండున్నరేళ్ళు ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ, అంటే ఐ.ఆర్.ఏ., గెరిల్లా యుద్ధం చేసింది.

1921 జులై 11న కాల్పుల విరమణ, డిసెంబరు 6న ఒప్పందం కుదిరాయి. ఇరవై ఆరు జిల్లాలకు స్వపరిపాలన వచ్చింది. ఉత్తరాన ఆరు జిల్లాలు బ్రిటన్‌లోనే ఉండిపోయాయి. కొత్త రాజ్యంలోనూ సభ్యులు రాజుకు విధేయత ప్రమాణం చేయాలి. డాయిల్ ఈ ఒప్పందాన్ని 64–57 ఓట్లతో ఆమోదించింది. ఆ ఏడు ఓట్ల తేడా దేశాన్ని రెండుగా చీల్చింది. 1922 జూన్‌లో మొదలైన అంతర్యుద్ధం 1923 మే వరకు సాగింది. నిన్నటిదాకా ఒకే దళంలో ఉన్నవాళ్ళు ఒకరినొకరు కాల్చుకున్నారు. ఒప్పందం మీద సంతకం చేసిన మైకేల్ కాలిన్స్ 1922 ఆగస్టు 22న తన సొంత కార్క్ జిల్లాలోనే తూటాకు బలయ్యాడు. ఆ రెండు వర్గాలనుంచి పుట్టిన రెండు పెద్ద పార్టీలు 2020లో గానీ కలిసి ఒక ప్రభుత్వంలో కూర్చోలేదు. అక్కడ ఈ చరిత్ర ఎంత పచ్చిగా ఉందో చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు.

పెట్టెల్లో దాచిన మాటలు

పోరాడినవాళ్ళు ముసలివాళ్ళవుతున్నారు, వాళ్ళతోపాటు వాళ్ళకు తెలిసింది పోతుంది అని 1947లో ఐర్లండ్ ప్రభుత్వం ఒక సంస్థను ఏర్పాటు చేసింది. దాని పేరు బ్యూరో ఆఫ్ మిలిటరీ హిస్టరీ. సిబ్బంది పదేళ్ళు ఊరూరా తిరిగి, పోరాటంలో పాల్గొన్నవాళ్ళు చెప్పింది రాసుకుని, వాళ్ళకే చూపించి సంతకాలు తీసుకున్నారు. మొత్తం 1,773 వాంగ్మూలాలు, ముప్పై అయిదు వేలకు పైగా పుటలు. పని పూర్తయ్యాక వాటిని 83 ఉక్కుపెట్టెల్లో పెట్టి, ప్రభుత్వ కార్యాలయంలోని గట్టి గదిలో వేసి తాళం వేశారు. చరిత్రకారులు ఎంత మొత్తుకున్నా తెరవలేదు. సైనిక సేవా పెన్షన్ తీసుకుంటున్న ఆఖరి మనిషి కన్నుమూసేదాకా ఆగి, 2003 మార్చిలో తెరిచారు. ఇప్పుడు అవన్నీ ఇంటర్నెట్‌లో ఉన్నాయి. డబ్బు కట్టనక్కరలేదు, అనుమతి అడగనక్కరలేదు. మన ఊళ్ళో కూర్చుని మనమూ చదవవచ్చు.

అంతకాలం తాళం వేయడం తప్పని కొందరు, ఆ తాళం భరోసా ఉండబట్టే చాలామంది నోరు విప్పారని మరికొందరు వాదిస్తారు. రెండింటిలోనూ నిజం ఉంది. అయితే ఆ వాంగ్మూలాలను చదివేటప్పుడు గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ముప్పై ఏళ్ళ తరువాత చెప్పిన మాటలవి. ఈలోగా చెప్పినవాళ్ళలో చాలామంది పుస్తకాలు చదివారు, సభల్లో ఉపన్యాసాలు విన్నారు. తాను చూసింది ఏదో, తరువాత విన్నది ఏదో మనిషికే తెలియకుండా కలిసిపోతుంది. స్త్రీలు ఇచ్చిన వాంగ్మూలాలు పదింట ఒక వంతుకైనా రావు. అన్నిటికంటే ముఖ్యంగా, బ్యూరో తన పరిధిని 1921 జులై కాల్పుల విరమణతో ఆపేసింది. అంతర్యుద్ధం జోలికి పోలేదు. అన్నదమ్ముల గొడవను ప్రభుత్వ కాగితంమీద పెట్టే ధైర్యం అప్పటికి ఎవరికీ లేకపోయింది.

ఆ ఖాళీని కొంతవరకు పూరించినవాడు ఎర్నీ ఒమాలీ. తానే ఒక గెరిల్లా నాయకుడు, ఒప్పందాన్ని వ్యతిరేకించినవాడు. 1940లు, 50లలో సొంత కారు వేసుకుని దేశమంతా తిరిగి దాదాపు 450 మంది పాత సహచరులతో మాట్లాడి నోటుపుస్తకాలు నింపాడు. ప్రభుత్వ సిబ్బందికి తలుపు తీయనివాళ్ళు కూడా ఆయన్ని కూర్చోబెట్టి అంతర్యుద్ధం సంగతులు చెప్పారు. ఆయన చేతిరాత ఎవరికీ అర్థమయ్యేది కాదట. ఇటీవలి కాలంలో కొందరు ఓపికగా దాన్ని విడమరిచి జిల్లాలవారీగా పుస్తకాలుగా తెస్తున్నారు. ఎవరు అడిగారన్నదాన్నిబట్టి ఎవరు ఏం చెప్పారన్నది మారిపోవడం ఇక్కడ కళ్ళారా చూడవచ్చు.

ఎం-బుక్ లాంటి ఫైళ్ళు

నిర్మాణ రంగంలో ఉన్న మిత్రులకు మెజర్‌మెంట్ బుక్ సంగతి చెప్పనక్కరలేదు. కాంట్రాక్టరు తాను చేసిన పనికి బిల్లు పెడతాడు. అంతా చేశానంటాడు. కొలతలు తీసి ఎం-బుక్‌లో ఎక్కించి, పైఅధికారి చెక్ మెజర్‌మెంట్ చేసిన తరువాతే డబ్బు వస్తుంది. ఐర్లండ్ పెన్షన్ ఫైళ్ళు చదువుతుంటే నాకు అదే గుర్తొచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చాక 1924లో, తరువాత 1934లో, 1949లో చట్టాలు చేసి పోరాడినవాళ్ళకు పెన్షన్లు ఇచ్చారు. 1924 చట్టం ఒప్పందాన్ని సమర్థించినవాళ్ళకే వర్తించింది. డి వలేరా అధికారంలోకి వచ్చాక చేసిన 1934 చట్టం అవతలి వర్గానికి, కుమన్ నా మాన్ అనే మహిళా దళానికి కూడా దారి తెరిచింది. దాదాపు 82 వేల మంది దరఖాస్తు చేస్తే మంజూరైనవి 15,700 మాత్రమే. దరఖాస్తుదారు ఏ రోజు ఏ దాడిలో ఉన్నాడో, ఏం చేశాడో రాయాలి. ప్రమాణం చేసి బోర్డు ముందు చెప్పాలి. అతని పై అధికారి ధ్రువీకరించాలి. జిల్లా కమిటీలు 1921 జులై 11నాటికి, 1922 జులై 1నాటికి దళాల్లో ఎవరెవరున్నారో జాబితాలు తయారుచేశాయి. ఈ ఫైళ్ళు 2014 నుంచి విడతలవారీగా బయటికి వస్తున్నాయి.

డబ్బు కోసం రాసినవి కదా, గోరంతను కొండంత చేసి ఉండరా అని అడగవచ్చు. చేసే ఉంటారు. కాని ప్రతి మాటనూ ఇంకొకరు సరిచూశారు. కొలతల పుస్తకానికి ఉన్న విలువ అక్కడే ఉంది. పైగా వీరగాథల్లో కనిపించనిది ఇక్కడ కనిపిస్తుంది. పని దొరకక, క్షయ సోకి, పిల్లలకు తిండి పెట్టలేక పాత వీరులు రాసిన ఉత్తరాలున్నాయి. కొడుకును పోగొట్టుకున్న తల్లులు రాసినవి ఉన్నాయి. మన దేశానికి చెందిన సంగతీ ఒకటి ఉంది. 1920లో జలంధర్‌లోను, సోలన్‌లోను ఉన్న బ్రిటిష్ సైన్యపు కనాట్ రేంజర్స్ దళంలోని ఐరిష్ సిపాయిలు, తమ దేశంలో జరుగుతున్న దమనకాండకు నిరసనగా విధులకు నిరాకరించారు. వాళ్ళలో జేమ్స్ డేలీని ఆ ఏడాది నవంబరు 2న దగ్‌షాయ్‌లో కాల్చి చంపారు. బతికి జైలుశిక్షలు అనుభవించినవాళ్ళ కోసం 1936లో ఐర్లండ్ ప్రత్యేకంగా ఒక పెన్షన్ చట్టం చేసింది.

టీచర్లు చదివే సంచిక కాబట్టి ఒక లెక్కల టీచరు ఫైలు గురించి తప్పక చెప్పాలి. మార్గరెట్ స్కిన్నిడర్ గ్లాస్గో నగరంలో లెక్కలు చెప్పేది. 1916 తిరుగుబాటుకు డబ్లిన్ వచ్చి తుపాకి పట్టి పోరాడింది. మూడు తూటాలు తగిలాయి. 1925లో గాయాల పెన్షన్‌కు దరఖాస్తు పెట్టుకుంది. ఆమె గాయపడలేదని గాని, పోరాడలేదని గాని ఎవరూ అనలేదు. చట్టంలో సైనికుడు అన్న మాటకు మగవాడనే అర్థం, కాబట్టి వర్తించదు అని తిప్పి పంపారు. ఆమె వదల్లేదు. 1938లో గాని పెన్షన్ మంజూరు కాలేదు. ఆ మధ్యకాలమంతా డబ్లిన్‌లో పాఠాలు చెప్పుకుంది. తరువాత ఆ దేశ ఉపాధ్యాయ సంఘానికి అధ్యక్షురాలైంది. పెన్షన్ ఫైళ్ళు తెరిచాక స్త్రీల పాత్ర గురించిన చర్చే మారిపోయింది. వాళ్ళు టీ కాచి, కట్లు కట్టారన్న పాత మాట చోటులో ఆయుధాలు మోసినవాళ్ళు, గూఢచర్యం చేసినవాళ్ళు, కబుర్లు చేరవేసినవాళ్ళు పేర్లతో సహా ముందుకు వచ్చారు.

కిల్‌మైకల్ మలుపు దగ్గర

కొత్త ఆధారాలు వస్తే పాత వాదనలు తీరిపోతాయని అనుకుంటాం. ఎప్పుడూ అలా జరగదు. దానికి నేను స్వయంగా చూసిన చోటే ఉదాహరణ.

కార్క్ జిల్లా పడమటి భాగంలో, మక్రూమ్‌నుంచి డన్‌మాన్‌వే పోయే దారిలో, కిల్‌మైకల్ దగ్గర బండరాళ్ళ మధ్య ఒక రోడ్డు మలుపు ఉంది. 1920 నవంబరు 28 సాయంత్రం టామ్ బారీ నాయకత్వంలోని ఐ.ఆర్.ఏ. దళం అక్కడ కాపు కాసి రెండు లారీల ఆక్జిలరీలమీద దాడి చేసింది. ఆక్జిలరీలంటే మాజీ సైనికాధికారులతో బ్రిటన్ ఏర్పాటు చేసిన సహాయక పోలీసు దళం. వాళ్ళలో పదిహేడు మంది చనిపోయారు. బారీ మనుషులు ముగ్గురు పోయారు. బ్రిటన్‌ను కుదిపేసిన దాడి ఇది.

బారీ 1949లో తన జ్ఞాపకాల పుస్తకంలో ఇలా చెప్పాడు. రెండో లారీలోనివాళ్ళు లొంగిపోతున్నామని కేకవేశారు. అది నమ్మి తన మనుషులు లేచి నిలబడితే మళ్ళీ కాల్చారు. అందుకే ఎవరినీ వదలవద్దని ఆజ్ఞ ఇచ్చాను అని. 1998లో కెనడా చరిత్రకారుడు పీటర్ హార్ట్ ఈ కథనాన్ని సవాలు చేశాడు. దొంగ లొంగుబాటు జరగలేదు, లొంగిపోయినవాళ్ళను చంపి తరువాత ఆ కథ అల్లారు అన్నాడు. అందుకు బ్రిటిష్‌వాళ్ళ చేతికి చిక్కిన ఒక నివేదికను, దాడిలో పాల్గొన్నవాళ్ళతో జరిగిన సంభాషణలను ఆధారంగా చూపాడు. ఆ సంభాషణల్లో పేర్లు ఇవ్వలేదు.

దీంతో పెద్ద దుమారం రేగింది. బారీ జీవిత చరిత్ర రాసిన మీడా రయన్, మరికొందరు హార్ట్ ఆధారాలను ఒక్కొక్కటిగా పరీక్షించారు. ఆ నివేదిక నకిలీ అన్నారు. హార్ట్ పేర్కొన్న ఒక ఇంటర్వ్యూ తేదీ, దాడిలో పాల్గొని చివరిదాకా బతికిన నెడ్ యంగ్ 1989 నవంబరులో చనిపోయిన కొద్ది రోజుల తరువాతిది అని చూపించారు. హార్ట్ 2010లో చిన్న వయసులోనే మరణించాడు. 2022లో ఈవ్ మారిసన్ అనే చరిత్రకారిణి ఈ ఒక్క దాడిమీదే ఒక పుస్తకం ప్రచురించింది. ఒక మతగురువు దశాబ్దాల క్రితం పాత యోధులతో చేసిన రికార్డింగులను, బ్యూరో వాంగ్మూలాలను, పెన్షన్ ఫైళ్ళను పక్కపక్కన పెట్టి చూసింది. హార్ట్ వాడుకున్న మాటలు ఎవరెవరివో చాలావరకు గుర్తించింది. తేలినదేమిటంటే, ఆ రోజు ఆ మలుపు దగ్గర ఉన్నవాళ్ళు చెప్పినవే ఒకదానికొకటి పొందలేదు. ఒక్కొక్కరు ఒక్కొక్క బండచాటున ఉన్నారు. చీకటి పడుతోంది. ఎవరికి కనిపించింది వాళ్ళు చెప్పారు, కొందరు విన్నది చెప్పారు.

ఇదంతా ఒక శతాబ్దం నాటి అరగంట గురించే. అయినా దీనిమీద ఇంత పట్టుదల ఎందుకంటే, మన స్వాతంత్ర్యం ఏ పునాదిమీద నిలబడింది అన్న ప్రశ్న దాని వెనక ఉంది. వీరుడు మోసపోయి కఠినుడయ్యాడా, మొదటినుంచీ కఠినంగానే ఉన్నాడా? ఈ రెండు జవాబులకూ ఈనాటికీ ఆ జిల్లాలో మనవలు, మునిమనవలు ఉన్నారు.

తరువాతి వాక్యం

హార్ట్ పుస్తకంలో ఇంతకంటే బరువైన వాదన ఒకటుంది. 1922 ఏప్రిల్ చివర, అంటే ఒప్పందం కుదిరిన తరువాత, అంతర్యుద్ధానికి ముందు, బాండన్ లోయలో ఒక ఐ.ఆర్.ఏ. అధికారి ఒక ప్రొటెస్టెంట్ కుటుంబపు ఇంట్లో తూటా తగిలి చనిపోయాడు. ఆ నాలుగు రోజుల్లోనూ ఆ ప్రాంతంలో పదముగ్గురు ప్రొటెస్టెంట్లు హతులయ్యారు. మతం వల్లే చంపారని హార్ట్ అన్నాడు. గతంలో బ్రిటిష్‌వాళ్ళకు సమాచారం ఇచ్చారన్న కక్షతో చంపారని ఇతరులు అన్నారు.

ఇక్కడ ఒక సంగతి విద్యార్థులందరికీ చెప్పవలసినది. బ్రిటిష్ సైన్యం తన వాడుకకు రాసుకున్న ఒక పత్రంలో, దక్షిణాది ప్రొటెస్టెంట్లు తమకు పెద్దగా సమాచారం ఇవ్వలేదని ఉంది. హార్ట్ దాన్ని ఉదహరించాడు. అదే పత్రంలో దాని వెంటనే బాండన్ లోయ మాత్రం ఇందుకు మినహాయింపు అన్న మాట ఉంది. అది అతని పుస్తకంలో లేదు. విమర్శకులు పత్రం తెచ్చి చూపించారు. అంతమాత్రాన చనిపోయిన పదముగ్గురూ సమాచారం ఇచ్చినవాళ్ళే అని రుజువైపోదు. వాళ్ళలో ముసలివాళ్ళు, పిన్నవాళ్ళు ఉన్నారు. కాని ఉదహరించిన వాక్యం తరువాత ఏముందో చూడాలన్న పాఠం మాత్రం మిగిలింది.

దీన్నిబట్టే మరో చర్చ నడిచింది. 1911, 1926 జనాభా లెక్కల మధ్య దక్షిణ ఐర్లండ్‌లో ప్రొటెస్టెంట్ల సంఖ్య దాదాపు మూడో వంతు తగ్గింది. భయపెట్టి తరిమేశారా? అంకెలు చూస్తే అలాగే అనిపిస్తుంది. కాని ఆ మధ్యలోనే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, అందులో చాలామంది పోయారు. బ్రిటిష్ సైన్యం, దాని కుటుంబాలతో సహా వెళ్ళిపోయింది. వలస అంతకుముందునుంచే ఉంది. డేవిడ్ ఫిట్జ్‌పాట్రిక్ అనే చరిత్రకారుడు మెథడిస్టు చర్చి రికార్డులు తీసి, ఆ సమాజంలో పెళ్ళిళ్ళు, పుట్టుకలు తగ్గిపోవడమే ప్రధాన కారణమని వాదించాడు. భయంతో వెళ్ళినవాళ్ళు లేరని దాని అర్థం కాదు, ఉన్నారు. ఎంతమంది అన్నదే ప్రశ్న. 1926 లెక్కల్లో ఇంటింటికీ నింపిన కాగితాలు నూరేళ్ళ నిబంధన ప్రకారం 2026 ఏప్రిల్‌లో వెల్లడి కావలసినవి. ఈ వాదనలో ముందడుగు వాటినుంచే రావాలి.

ఒక్కొక్క పేరు

చనిపోయినవాళ్ళ లెక్క కూడా ఇలాంటిదే. ఎంతమంది పోయారని అడిగితే ఒకప్పుడు ఎవరికి తోచిన అంకె వాళ్ళు చెప్పేవారు. యూనన్ ఓ హాల్పిన్, డాహీ ఓ కొరాయిన్ అనే ఇద్దరు చరిత్రకారులు ఏళ్ళ తరబడి శ్రమించి, 1916 ఏప్రిల్‌నుంచి 1921 డిసెంబరు వరకు రాజకీయ హింసలో పోయిన ప్రతి ఒక్కరి పేరు, ఊరు, చనిపోయిన తీరు తేదీలవారీగా నమోదు చేసి 2020లో ప్రచురించారు. మొత్తం 2,850 మంది. అందులో 1917నుంచి 1921 వరకు పోయిన 2,346 మందిని చూస్తే పోలీసులు 523, ఐ.ఆర్.ఏ. వాళ్ళు 491, బ్రిటిష్ సైనికులు 413. సాధారణ పౌరులు 919 మంది, అందరికంటే ఎక్కువ. శిలాఫలకాలమీద కనిపించేవి ఆ 491 పేర్లే. తక్కినవాళ్ళు పుస్తకంలోకి ఎక్కడానికి నూరేళ్ళు పట్టింది.

కాలిపోయిన గది

1922 జూన్ 30న డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ ఆవరణలో జరిగిన పేలుడులో పబ్లిక్ రికార్డ్ ఆఫీసు కాలిపోయింది. అంతర్యుద్ధం మొదలై అప్పటికి మూడో రోజు. ఏడు వందల ఏళ్ళ కాగితాలు బూడిదయ్యాయి. కాగితం ముక్కలు నగరమంతటా గాలికి ఎగిరాయి. పేలుడు ఉద్దేశపూర్వకమా, ప్రమాదమా అన్నది ఇప్పటికీ వాదనే.

ఇంజనీరుగా నాకు బాగా నచ్చిన పని దీని తరువాతిది. ఆ కార్యాలయంలో ఉప అధికారి హెర్బర్ట్ వుడ్ 1919లో, అంటే మంటకు మూడేళ్ళ ముందు, అక్కడ ఏ రికార్డులు ఉన్నాయో ఒక సూచిక ప్రచురించాడు. ట్రినిటీ కాలేజీ నాయకత్వంలో ఒక బృందం ఆ సూచికను చేతబట్టుకుని, పోయిన ప్రతి పత్రానికి ఎక్కడైనా నకలు ఉందా అని ప్రపంచంలోని అనేక గ్రంథాలయాల్లో, ఆర్కైవుల్లో గాలించింది. దొరికినవాటిని 2022 జూన్‌లో, సరిగ్గా నూరేళ్ళకు, వర్చువల్ రికార్డ్ ట్రెజరీ పేరిట అందరికీ తెరిచింది. కాలిపోయిన భవనాన్ని కూడా కంప్యూటర్‌లో పునర్నిర్మించారు. అందులో అడుగుపెట్టి చూడవచ్చు. ఏం పోయిందో తెలియజేసే జాబితా ఒక్కటి ఉన్నందువల్ల నూరేళ్ళ తరువాత వెతకడం సాధ్యమైంది.

మన గిరిగారు అక్కడ

ఈ చరిత్రలో తెలుగువాళ్ళకూ ఒక మూల చోటుంది. మన నాలుగో రాష్ట్రపతి వరాహగిరి వెంకటగిరిగారు 1913లో బరంపురంనుంచి లా చదవడానికి డబ్లిన్ వెళ్ళారు. తిరుగుబాటు జరిగినప్పుడు అక్కడే ఉన్నారు. 1916 జూన్‌లో ఆయన్ని దేశం విడిచి వెళ్ళమన్నారు. ఐర్లండ్ పోరాటం, కార్మిక నాయకుడు జేమ్స్ కనోలీ తనను ఎలా ప్రభావితం చేశారో గిరిగారు ఆ తరువాత అరవై ఏళ్ళకు ఆత్మకథలో చెప్పుకున్నారు. 2016లో కానర్ మల్వా అనే డబ్లిన్ చరిత్రకారుడు గిరిగారి గురించి, ఆయనతోపాటు అక్కడ చదివిన భారతీయ విద్యార్థుల గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. పెద్దవాడయ్యాక మనిషి చెప్పుకున్న జ్ఞాపకాన్ని ఆ రోజుల కాగితాలతో కలిపి చదివితే, తరువాత రాష్ట్రపతి అయిన పెద్దమనిషి వెనక ఇరవై ఏళ్ళ కుర్రవాడు కనిపిస్తాడు. సివిక్స్‌లో మనమంతా బట్టీపట్టిన ఆదేశిక సూత్రాలు 1937 ఐర్లండ్ రాజ్యాంగంనుంచి తెచ్చుకున్నవే కదా. ఆ దేశం మనకంత దూరం కాదు.

మనకేమిటి?

ఇన్ని వాదనల తరువాత ఐరిష్‌వాళ్ళు తమ వీరులను వదులుకున్నారా అని నన్ను కొందరు అడిగారు. లేదు. కిల్‌మైకల్ స్మారకం దగ్గర ఇప్పటికీ పూలగుచ్ఛాలు పెడతారు. అదే జిల్లాలో బాండన్ లోయ మృతుల గురించి కూడా ఇప్పుడు మాట్లాడుకుంటారు. ఒకప్పుడు ఇది సాధ్యమయ్యేది కాదు. కాగితాలు తెరవడంవల్ల వాదనలు ఆగలేదు కాని, వాదించుకునేవాళ్ళు ఒకే కాగితం ముందు పెట్టుకుని వాదించుకుంటున్నారు. గొంతు పెద్దది చేసినవాడు గెలిచే పరిస్థితి తగ్గింది. అక్కడి బడిపిల్లవాడు తాతగారి తండ్రి పేరు కొట్టి ఆయన ఫైలు చదువుకోగలడు. అందులో ఆయన ధైర్యమూ ఉంటుంది, పెన్షన్ రాలేదని పడ్డ బాధా ఉంటుంది.

మన సంఘానికి నాదొక మనవి. మన బడి అడ్మిషన్ రిజిస్టర్లు, హాజరు పట్టీలు, వార్షికోత్సవ ఫొటోలు ఇప్పుడెక్కడ ఉన్నాయో ముందు ఒక జాబితా వేద్దాం. జాబితా విలువ హెర్బర్ట్ వుడ్ చెప్పాడు. ఎనభై దాటిన మన మాస్టార్ల దగ్గరికి, బడికి స్థలం ఇచ్చిన కుటుంబాల పెద్దల దగ్గరికి, బడి మాన్పించబడి తోటివాళ్ళు చదువుకుంటుంటే పనికి పోయిన మన ఈడువాళ్ళ దగ్గరికి ఫోను తీసుకెళ్ళి వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రికార్డు చేద్దాం. ఎవరు అడిగారో, ఏ తేదీనో రాసిపెడదాం. బడికి పేరు తెచ్చే మాటలతోపాటు అలా తేని మాటలనూ ఉంచుదాం. ఇబ్బందికరమైనవి ఉంటే కొన్నేళ్ళు తాళం వేసి ఉంచినా ఫరవాలేదు. ఎప్పుడు తెరవాలో మాత్రం పెట్టెమీద ఇప్పుడే రాద్దాం.